సోమవారం అప్పజెప్పండి

మన భాషలో చదవడం వేరు, చదువుకోవడం వేరు అని పెద్దలకు తెలుసేమో గానీ పిల్లలకు తెలియదు. "ఏం చదువుతున్నావు?" అని ఏ పిల్లవాడినైనా అడగండి. తరగతి పేరు చెబుతాడు గానీ పుస్తకం పేరు చెప్పడు. ఇంట్లో "చదువుకో పో" అన్నారంటే ఆట కట్టిపెట్టమనీ, ఓ మూల కూర్చుని వీధి చివరిదాకా వినబడేటట్టు అరవమనీ అర్థం. సరదాకి చదవడానికి మనకు వేరే మాటే లేదు. ఈ సంగతి నాకు తెలుగు టీచరుగా చేరిన కొత్తలోనే ఒక తొమ్మిదో తరగతి పిల్ల వల్ల తెలిసింది. అంతకంటే ముందు నా నోటి వల్ల తెలిసింది.

తొంభైలు ముగిసి రెండువేలు వచ్చిన కొత్త. నాది కదిరిలో కాపురం, తనకల్లు వైపు రోడ్డు మీద ఒక పల్లెలో ఉద్యోగం. రోజూ బస్సు. దిగి గుట్ట పక్కగా నడిస్తే హైస్కూలు. కిటికీలోంచి చూస్తే వేరుశనగ చేలు, వాన వస్తే పచ్చగా, రాకపోతే ఎర్రగా. నేను చేరాక ఎర్రగా చూసిందే ఎక్కువ. పిల్లలు మంచివాళ్ళు. చెప్పిన పని చేస్తారు, నీళ్ళు తెమ్మంటే తెస్తారు, పద్యం బట్టీ పట్టమంటే పడతారు. పుస్తకం చదవమంటే మాత్రం ముఖాలు అటు తిప్పుకుంటారు.

హెడ్మాస్టరు గదిలో ఒక ఇనుప బీరువా ఉండేది. దాని నిండా కథల పుస్తకాలున్నాయని ప్యూను చెప్పగా విన్నాను. తాళంచెవి హెడ్మాస్టరు గారి మొలతాడుకు ఉండేది. అడిగితే ఆయన ఎంతో నెమ్మదిగా, "ఎందుకు మేడం, పుస్తకాలన్నీ భద్రంగా ఉండాయి" అన్నారు.

"భద్రంగానే ఉంటాయి సార్, ఎవరూ ముట్టుకోలేదు కదా" అన్నాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆయనకు అసలు ఉండదు. కాసేపు నన్ను చూసి తాళం తీశారు. పుస్తకం పోతే తనిఖీలో సమాధానం చెప్పుకోవలసింది ఆయనే, అందుకే ఆ భయం. తీరా తెరిస్తే అడుగు అరలో చెదలు పట్టి ఉన్నాయి. కొన్నిటికి అట్ట లేదు, కొన్నిటికి చివరి పేజీలు లేవు. ఆయన ముఖం చూసి నాకే జాలేసింది. పాపం, మనిషి కాపలా కాసింది దొంగల నుంచి, చెదల నుంచి కాదు.

ఆ పుస్తకాలన్నీ దులిపి తొమ్మిదో తరగతికి మోయించుకు వెళ్ళాను. "ఇవి పాఠాలు కావు. ఊరికే చదవండి" అన్నాను.

"ఊరికే అంటే ఎన్ని మార్కులు మేడం?" అన్నాడు ముందు బెంచీ పిల్లవాడు.

"మార్కుల్లేవు."

"మరి ఎందుకు మేడం?"

ఈ ప్రశ్నకు నా దగ్గర బ్రహ్మాండమైన జవాబు ఉందనుకున్నాను. చాలాసేపు చెప్పాను. పుస్తకం వల్ల మనసు విశాలమవుతుందనీ, లోకం తెలుస్తుందనీ. వెనక బెంచీలో ఒకడు ఆవలించాడు. వాడిని చూసి ఇంకొకడు ఆవలించాడు. ఆఖరికి విసుగొచ్చి పుస్తకాలు తలా ఒకటి చేతిలో పెట్టి, "శనివారం కదా, ఇంటికి పట్టుకుపోండి. చదివి సోమవారం అప్పజెప్పండి" అన్నాను.

నా ఉద్దేశం తిరిగి ఇవ్వమని. కానీ బడిలో అప్పజెప్పడం అంటే ఒకటే. చేతులు కట్టుకుని నిలబడి, పుస్తకం చూడకుండా, పాఠం పొల్లు పోకుండా టీచరు ముందు వల్లించడం. పద్యాలు అప్పజెబుతారు, ఎక్కాలు అప్పజెబుతారు. వస్తువు తిరిగిచ్చినా అప్పజెప్పడమే, పాఠం వల్లించినా అప్పజెప్పడమే అని ఆ క్షణాన నాకు తట్టలేదు. తరగతి మొత్తం గొంతులో వెలక్కాయ పడ్డట్టు చూసింది. పుస్తకాలు దొరికిన సంతోషంలో నోట మాట రావడం లేదనుకున్నాను.

సోమవారం సగం తరగతి రాలేదు. ఒకడికి కడుపునొప్పి, ఒకడింట్లో ఎనుము ఈనింది, ఇంకొకడు వాళ్ళ అవ్వకు బాగాలేదని చెప్పి పంపాడు. ఆ అవ్వను నేను పొద్దున బస్టాండులో చూశాను, టీ తాగుతోంది. వచ్చినవాళ్ళ ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. కళ్ళు వాచిపోయి, పెదవులు కదులుతూ ఉన్నాయి. "ఏమర్రా, పుస్తకాలు తెచ్చారా?" అన్నానో లేదో, ముందు బెంచీ పిల్లవాడు భోరుమని ఏడ్చాడు. "మూడు పేజీలే వచ్చినాయి మేడం, తక్కినవి రేపు అప్పజెప్తా" అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను నోరు తెరిచేలోపు చివరి వరసలో ఒక పిల్ల లేచి నిలబడింది. ఎప్పుడూ నోరెత్తని పిల్ల. రెండు జడలు మడిచి కట్టుకుని, గోడకు ఆనుకుని, నా చూపు తగలకుండా ఎవరో ఒకరి వెనక కూర్చునేది. చేతులు కట్టుకుని మొదలుపెట్టింది. ముందు పుస్తకం పేరు, తర్వాత వెల, తర్వాత ఎక్కడ అచ్చయిందో, ఆ తర్వాత కథ. ఒక ఊళ్ళో ఒంటరిగా ఉండే ముసలమ్మ కథ. గుక్క తిప్పుకోకుండా, ఒక్క మాట తడుముకోకుండా, రేడియోలో వార్తలు చదివినట్టు "అన్నాడు, వెళ్ళాడు" అంటూ చెప్పింది. ఇంట్లో ఏ పిల్లా "వెళ్ళాడు" అనదు, "పోయినాడు" అంటుంది. పుస్తకంలో ఎలా ఉందో అలాగే దించేసింది. మిగతావాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. నేనూ వెళ్ళబెట్టాను.

"అప్పుడు ముసలమ్మ దీపం పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్ళి, గడియ తీసి, చూసేసరికి" అని చెప్పి ఆ పిల్ల ఆగిపోయింది.

"చూసేసరికి?" అన్నాను.

"అంతే మేడం."

"అంతేనా? ఏం చూసింది?"

"పుస్తకంలో అంతే ఉండాది మేడం."

పుస్తకం తీసుకుని చూశాను. నిజమే, చివరి పేజీలు చెదలు తినేశాయి. వాక్యం మధ్యలో తెగిపోయినా ఆ పిల్లకు ఏ ఇబ్బందీ కలగలేదు. అప్పజెప్పమన్నారు, ఉన్నదంతా అప్పజెప్పింది, పని అయిపోయింది. నాకు అదే వింతగా తోచి, నడిమధ్య పేజీ ఒకటి తెరిచి, "ఇది చదువమ్మా" అన్నాను.

ఆ పిల్ల పేజీ వంక చూసి, పుస్తకం పేరు దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.

"మొదటినుంచి కాదు, ఈ పేజీ."

గొంతు తగ్గించి మళ్ళీ మొదటినుంచే మొదలుపెట్టింది. చెవులు ఎర్రబడ్డాయి. పక్క బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు అర్థమైపోయింది. పుస్తకం లాక్కుని, "చాలు, బ్రహ్మాండంగా చెప్పావు, కూర్చో" అని గట్టిగా అన్నాను. ఆ పిల్లకు చదవడం రాదు. తొమ్మిదో తరగతి దాకా చెవులతోనే నెట్టుకొచ్చింది. మధ్యాహ్నం కుళాయి దగ్గర నా పక్కకు వచ్చి నిలబడి, నీళ్ళ వంక చూస్తూ, "ఎవురికీ చెప్పద్దు మేడం" అంది. చెప్పనన్నాను.

సాయంత్రం గంట కొట్టేలోపే వాళ్ళ నాయన వచ్చాడు. మెట్ట సేద్యం చేసుకునే మనిషి. భుజం మీద తువ్వాలు, కాళ్ళ నిండా మట్టి. గుమ్మంలో నిలబడి, "టీచరమ్మా, కతల పుస్తకాలు ఇచ్చేది నువ్వేనా?" అన్నాడు.

"నేనే. ఏమైంది?"

"ఏమయిందా? ఆదివారం పొద్దుగూకులూ ఇదే పని. వాళ్ళ తమ్ముడు సదివేది, ఇది చెప్పేది. వాడు సదివేది, ఇది చెప్పేది. చేనికాడికి రమ్మంటే రాల్యా. ఇంట్లో మా మేకకు గూడా ఆ కత నోటికొచ్చేసింటాది."

నాకు నవ్వు ఆగలేదు. ఆయన నవ్వలేదు. బెంచీ మీద కూర్చోమంటే కూర్చోలేదు. "దానికి చెప్పేది వస్తాది టీచరమ్మా, సదివేది రాదు. నాకు సదువు లేదు గానీ సదివేటోళ్ళను చూసినా. కాయితం పట్టుకుంటే వాళ్ళ కండ్లు ఈ పక్కనుంచి ఆ పక్కకు తిరుగుతాయి. దీని కండ్లు యాడ పెడితే ఆడ్నే ఉంటాయి" అన్నాడు.

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను కదా. తీరా చూస్తే చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

"వచ్చే యేడు పదోది. యాడో పరీక్షలో కూసోబెట్టి నలుగురిలో నగుబాటు చేసేది నాకు ఇష్టం లేదు. ఈ యేడు కానీ. ఎండాకాలం పోయినాక మానిపిస్తా. మాతోపాటు పనికొస్తాది."

కూతురి మీద కోపంతో కాదు, ప్రేమతోనే అన్నాడు ఆ మాట. కోపమైతే నేను కూడా నాలుగు మాటలు అని ఉండేదాన్ని. "బడి తెరిచేలోపు చదవడం వస్తే పంపుతారా?" అని మాత్రం అడిగాను.

"వస్తే పంపుతా. నాకేమన్నా పగనా?" అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడే తరగతిలో మాట మార్చాను. అప్పజెప్పడం అన్న మాట కథల పుస్తకాల దగ్గర నిషేధం. "తెచ్చిచ్చేయండి, అంతే. నేనేమీ అడగను" అన్నాను. పిల్లలకు నమ్మకం కుదరలేదు.

"చదవకుండా తెచ్చిస్తే మేడం?"

"తెచ్చివ్వు."

"బొమ్మలు చూసి తెచ్చిస్తే?"

"తెచ్చివ్వు."

"సగం చదివి బాగలేకపోతే?"

"బాగలేదని చెప్పి తెచ్చివ్వు, వేరేది ఇస్తాను."

ఇందులో ఏదో మోసం ఉందని వాళ్ళు చాలా రోజులు కనిపెట్టుకుని ఉన్నారు. లేదని తేలాక ఒకరొకరే దారికొచ్చారు. సంక్రాంతి సెలవులయ్యాక ఒక రోజు ఇద్దరు మగపిల్లలు చొక్కాలు చిరిగేదాకా కొట్టుకుని హెడ్మాస్టరు గారి ముందు నిలబడ్డారు. కారణం ఏమిటయ్యా అంటే, ఒకడు సగంలో ఉన్న పుస్తకంలో దొంగ ఎవరో రెండోవాడు ముందే చెప్పేశాడు. హెడ్మాస్టరు గారు బెత్తం వెతుక్కుంటుంటే నాకు వాళ్ళిద్దరికీ మిఠాయి కొనిపెట్టాలనిపించింది.

నా పిల్ల దగ్గర మాత్రం నా పప్పులుడకలేదు. అప్పటికే ఆ పిల్ల నా పిల్ల అయిపోయింది, మనసులో. రోజూ నా బస్సు వచ్చేదాకా రోడ్డు పక్క వేపచెట్టు కింద ఇద్దరం కూర్చునేవాళ్ళం. అక్షరాలు రావని కాదు. ఒక్కొక్కటిగా చూపిస్తే చెబుతుంది. కలిపి చదవబోయేసరికి, ఒత్తు వచ్చిన చోటల్లా, రాయి తగిలిన నాగలిలా ఆగిపోతుంది. పోనీ నేను ఒకసారి చదివి వినిపిస్తానా, ఆ పేజీ మొత్తం ఆ పిల్లకు వచ్చేస్తుంది. ఇక దాన్ని చూడవలసిన అవసరమే లేదు. వాక్యం మీద చెయ్యి అడ్డం పెట్టినా గడగడా చెప్పేస్తుంది. బొరుగులు కట్టిచ్చిన కాగితం ముక్కలు తెచ్చి పెట్టాను, ఎవరూ చదివి వినిపించి ఉండరు కదా అని. వాటి వంక చూసి నీరసంగా, "ఇందులో ఏముంది మేడం" అనేది. నిజమే, వాటిలో ఏమీ లేదు.

"తమ్ముడు ఒక్కసారి సదివితే నాకు వచ్చేస్తాది గదా. మళ్ళీ నేనెందుకు సదివేది?" అంది ఒక రోజు.

"నీ జ్ఞాపకం తగలెయ్యా!" అని అరిచాను. ఆ పిల్ల నా వంక చూసి పకపకా నవ్వింది. అన్ని నెలల్లో నేను చూసిన మొదటి నవ్వు అదే. బస్సు వచ్చింది, ఎక్కి కూర్చున్నాను, దారి పొడుగునా దిగులుగా ఉంది. ఇంత తెలివైన పిల్లను నేను బడిలో నిలబెట్టలేకపోతున్నానే అని.

వేసవి సెలవులకు ముందు రోజు మళ్ళీ హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఎండాకాలమంతా పుస్తకాలు ఇళ్ళల్లో ఉంచడమంటే ఆయనకు గుండెల్లో రాయి పడింది. అయినా తాళం తీసి, "నేను చూడలేదు మేడం" అని కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. మంచి పుస్తకాలు, చివరి పేజీలు ఉన్నవి, ఏరి ఆ పిల్ల సంచీలో పెట్టాను. ఆ ముసలమ్మ పుస్తకం కూడా తనే అడిగి తీసుకుంది.

"చదువుతావా?" అన్నాను.

"తమ్ముడుండాడు గదా మేడం" అంది ధైర్యంగా. ఆ ధైర్యం చూసి నాకున్న కాస్త ఆశ కూడా జారిపోయింది.

జూన్‌లో బడి తెరిచాం. పదో తరగతి హాజరులో ఆ పిల్ల పేరు పిలిస్తే పలకలేదు. రెండో రోజూ పలకలేదు. పక్క పిల్లను అడిగితే, "శెనక్కాయలు వొలిచేదానికి పోతాంది మేడం, వాళ్ళ అమ్మా నాయనతో" అంది.

"వాళ్ళ తమ్ముడు?"

"వాడు ఎండాకాలం మొదలైనప్పట్నించీ వాళ్ళ అవ్వ దగ్గరుండాడు మేడం, బత్తలపల్లెలో. ఇంకా రాల్యా."

అంటే పుస్తకాలు సంచీలోంచి బయటికే వచ్చి ఉండవు. చదివి వినిపించేవాడే లేడు. ఇక అంతేనని తీర్మానించుకున్నాను. శనివారం ఒంటిపూట బడి. హెడ్మాస్టరు గారు, "మేడం, ఆ పుస్తకాలు" అని రెండుసార్లు గుర్తుచేశారు. చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, ఎవరి మీదో తెలియని కోపం. కనీసం పుస్తకాలైనా తెచ్చి ఆయన ముఖాన పడేద్దామని ఆ పిల్ల వాళ్ళ పల్లెకు నడిచాను. వానలు రాలేదు. గాలి మాత్రం దుమ్ము లేపుతూ వీస్తోంది.

పల్లెలో పెద్ద సేద్యం ఉన్నవాళ్ళ ఇంటి పంచలో ఒలుపు జరుగుతోంది. విత్తడానికి కాయలు చేత్తోనే ఒలవాలి. మిషన్లో వేస్తే గింజ పైపొర చిట్లుతుంది, చిట్లితే మొలవదు. అందుకని వానకు ముందు ఊళ్ళో ఆడా మగా టార్పాలిన్ పట్టాల మీద కాయలు కుప్ప పోసుకుని రోజుల తరబడి కూర్చుంటారు. వేళ్ళ కొసలు పగిలిపోతాయి. దూరం నుంచే కాయలు చిట్లే చప్పుడు వినబడింది. దానితోపాటు ఒక గొంతు కూడా.

"పె... ద్ద కొడుకు... స... ద్ది మూట... భు... జాన వేసుకుని..."

అడుగు అక్కడే ఆగిపోయింది. ఆ పిల్ల పంచ స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. దాని ముందు కాయలు లేవు. ఒళ్ళో పుస్తకం ఉంది.

"వేసుకుని... గు..." అని ఆగింది.

"గుర్రం ఎక్కినాడు!" అంది ఒక ముసలామె, చేతిలో కాయ నొక్కుతూ.

ఆ పిల్ల పేజీ మీదికి వంగి వేలు పెట్టి చూసింది. "గుర్రం కాదవ్వా. గు... మ్మం. గుమ్మం దా... టాడు." తలెత్తి అందరికీ చెప్పింది. "గుమ్మం దాటినాడంట."

"దాటినాడా, దాటనీలే. నిదానంగా సదువు, ఈ కాయలు యాడికి పోతాయి" అంది ఇంకొకామె.

ఎవరూ నవ్వలేదు. ఎవరికీ తొందర లేదు. బడిలో ఒక్క మాట దగ్గర ఆగితే పక్కవాళ్ళు కిసుక్కుమంటారు, నేను గడియారం చూస్తాను. ఇక్కడ అందరి చేతుల నిండా పని. ఆ పిల్ల మాట కోసం వెతుక్కునేలోపు వాళ్ళు ఇంకో గుప్పెడు ఒలుచుకుంటున్నారు.

వాళ్ళ నాయన నన్ను చూశాడు. లేవలేదు. కాయలున్న చెయ్యి ఎత్తి, "టీచరమ్మా, కొంచెం ఉండు. కత మధ్యలో ఉండాది" అన్నాడు. పట్టా అంచున కూర్చున్నాను. ఎవరో నా ముందుకు కొన్ని కాయలు తోశారు. ఒలిచాను. "పొర చిట్లిస్తాండావమ్మా, ఊరికే కూచోపో" అని పక్కామె నా కాయలు లాగేసుకుంది.

సంగతంతా ఆమే గుసగుసగా చెప్పింది. మొదట్లో ఆ పిల్ల తనకు నోటికి వచ్చిన కథలన్నీ చెప్పిందట. వీళ్ళకు అలవాటైపోయింది. అవి అయిపోయాయి. చెప్పినవే మళ్ళీ చెబితే వీళ్ళు ఒప్పుకోలేదు. "కొత్తది లేదా అంటిమి. ఉండాది గానీ పుస్తకంలో ఉండాది అనింది. ఉంటే తియ్యే, దాంట్లోంచి చెప్పు అంటిమి. మా తమ్ముడు రావల్ల అనింది. వాడొచ్చేలోగా విత్తనం పడేది గూడా అయిపోతాది, నువ్వే చూసి చెప్పు అంటిమి. దాని వంతు కాయలు మేం వొలుస్తాం, అది కత చెప్పల్ల. అదీ లెక్క."

ఒక పుట అయ్యాక మంచినీళ్ళకని ఆగారు. అప్పుడు చూసింది ఆ పిల్ల నన్ను. సిగ్గుపడుతుందనుకున్నాను. పుస్తకంలో వేలు పెట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చి, కోపంగా, "మేడం, ఆ ముసలామె తలుపు తీసి ఏం చూసింది?" అంది.

"ఏ ముసలామె?"

"నేను అప్పజెప్పిన కత మేడం. కడా పేజీలు లేవు!"

"అప్పుడు అంతేనన్నావు కదే."

"అప్పుడు చెప్పమంటిరి, చెప్పినా. ఇప్పుడు నేనే సదివినా. వీళ్ళకు గూడా సదివి చెప్పినా. తలుపు తీసింది, ఎవురొచ్చినారో తెలీదు. వీళ్ళంతా నన్ను తిడతాండారు. అట్ల సగం పుస్తకం ఎట్ల ఇస్తారు మేడం?"

కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆ పిల్లకు, ఉక్రోషంతో. నాకూ తిరిగాయి, వేరే కారణంతో. పుస్తకం ఊరికే చదవాలని పిల్లలకు నేను చెప్పిన ఉపన్యాసాలన్నీ ఆ తిట్టు ముందు ఎందుకూ పనికిరావు. "నాకూ తెలియదమ్మా" అన్నాను. అంతే, పంచ అంతా ఒక్కసారి లేచింది. కొడుకు తిరిగొచ్చినాడని ఒకామె, కాదు దొంగోడని ఇంకొకామె, "కుక్క గోకింటాది తలుపు, అంతే" అని పీట మీద కూర్చున్న ఒకాయన. ఆ పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని, "కుక్క అయితే గడియ తీసేముందే మొరగల్ల గదా, ఆ పేజీలో మొరిగినట్టు లేదు" అని వాదించింది. పుస్తకం తెరిచి ఆ చోటు వేలు పెట్టి మరీ చూపించింది, అక్షరాలు రాని వాళ్ళకు.

పుస్తకాలు ఇమ్మని అడిగాను, వచ్చింది అందుకే కదా. "ఇంకా కాలేదు మేడం" అని సంచీ వెనక్కి దాచుకుంది. నేను లేచాను.

వాళ్ళ నాయన రోడ్డు దాకా నా వెంట వచ్చాడు. చివరికి, "చూసినావా టీచరమ్మా, దాని కండ్లు?" అన్నాడు.

"చూశాను."

"తిరుగుతాండాయి." ఒలిచి ఒలిచి పగిలిన వేలు గాలిలో పెట్టి, ఈ పక్కనుంచి ఆ పక్కకు, మళ్ళీ కిందికి దించి ఈ పక్కనుంచి ఆ పక్కకు గీత గీసి చూపించాడు. "నేను కాయలు వొలిచేది ఇడిసిపెట్టి దాని కండ్లే చూస్తాంటి."

బస్సు హారను వినబడింది. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఈ కాయలు రేపటికి అయిపోతాయి. సోమవారం నేనే తెచ్చి నీకు అప్పజెప్తా."

"పుస్తకాలా? తొందరేం లేదులే, నేను హెడ్మాస్టరు గారికి చెబుతాను" అన్నాను.

"పుస్తకాలు కాదమ్మా" అన్నాడు. "నా బిడ్డను."

సోమవారం నేను బస్సు దిగి వచ్చేసరికి తండ్రీ కూతుళ్ళు బడి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన నన్ను చూసి ఒక అడుగు పక్కకు జరిగాడు. ఆ పిల్ల మాత్రం నన్ను చూడలేదు. గేటుకు ఆనుకుని చదువుకుంటోంది.